రాజ్యలక్ష్మమ్మ గారు, పంతులు గారు

కందుకూరి వీరేశలింగం పంతులు గారు మనకి మొదటి సంవత్సరం సాహిత్య చరిత్రలో ఒక పేజీన్నర. రాజశేఖర చరిత్రము, వివేకవర్ధని, ప్రహసనాలు, కవుల చరిత్ర, స్వీయ చరిత్ర అని వరసగా రాసేస్తే ఐదు మార్కుల ప్రశ్న అయిపోతుంది. ఆ పేజీన్నరలో వితంతు వివాహాల గురించి మూడు వాక్యాలుంటాయి. ఆయన భార్య గురించి ఒక్క వాక్యం. సంస్కరణ పనుల్లో భర్తకి చేదోడు వాదోడుగా ఉండేది అని.

ఈ నెల గోడపత్రికకి ఒక ప్రముఖుల జీవితం రాయమని మేడమ్ చెప్పాక లైబ్రరీలో పంతులు గారి మీద ఉన్న పుస్తకాలు తెచ్చుకుని చదివాను. ప్రతి పుస్తకంలోనూ ఆవిడ ఒక పేరాలో వస్తుంది, నీళ్ళబిందె ఎత్తుకుని గోదావరి నుంచి ఇంటికి నడుస్తుంది, ఆ పేరాతో వెళ్ళిపోతుంది. నాకు మాత్రం ఆ పేరా దగ్గరే మనసు ఆగిపోయింది. అందుకని ఇది ఇద్దరి జీవితంగానే రాస్తున్నాను. ఆయన గురించి మీకు తెలిసిన సంగతులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఆవిడ వైపు కాస్త ఎక్కువ మొగ్గుతాను, ఏమీ అనుకోకండి.

వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నెలల పిల్లాడుగా ఉన్నప్పుడే మశూచి వచ్చి బతికి బయటపడ్డారు. నాలుగేళ్ళకి తండ్రి సుబ్బారాయుడు గారు పోయారు. తల్లి పున్నమ్మ గారు, పెదనాన్న వెంకటరత్నం గారు పెంచారు. అంటే మొగుడు పోయిన ఆడమనిషి ఎలా బతుకుతుందో ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లోనే చూశారు. ఈ ముక్క నేను చదివిన పుస్తకాల్లో ఎవరూ గట్టిగా చెప్పలేదు. నాకైతే ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

ఆవిడ 1851లో పుట్టింది. పుట్టిల్లు రాజమండ్రి పక్కనే ఉన్న కాతేరు. పేరు బాపమ్మ. 1861లో పెళ్ళి. అప్పటికి ఆయనకి పదమూడేళ్ళు, ఆవిడకి తొమ్మిదో పదో. పెళ్ళయ్యాక అత్తవారింట్లో పేరు మార్చి రాజ్యలక్ష్మి అన్నారు. మనకి ఇప్పుడు ఇది వింతగా ఉంటుంది గానీ అప్పట్లో మామూలే. పిల్లతో పాటు పిల్ల పేరు కూడా అత్తవారిదే అయిపోయేది.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. పదమూడేళ్ళ అబ్బాయికి, పదేళ్ళ పిల్లకి పెళ్ళి చేసిన రోజుల్లో మశూచి ఉంది, కలరా ఉంది. ఆ అబ్బాయికి ఏ జ్వరమో వచ్చి పోయి ఉంటే ఆ పిల్ల జీవితమంతా విధవే. జుట్టు తీసేస్తారు, తెల్లబట్ట కట్టిస్తారు, ఒంటిపూట తిండి, పండక్కి మూల గదిలో కూర్చోవడం. శుభకార్యానికి బయల్దేరేవాళ్ళకి ఎదురు రాకూడదు. మొగుడి ముఖం సరిగ్గా గుర్తు కూడా ఉండని పిల్లలకి ఇదంతా. పంతులు గారు తర్వాత ఎవరి కోసం పోట్లాడారో ఆ పిల్లలకీ బాపమ్మకీ మధ్య తేడా అదృష్టమే. బాపమ్మ మొగుడు బతికాడు, అంతే.

పంతులు గారు మెట్రిక్ పాసై బడిపంతులయ్యారు. కోరంగిలో కొన్నాళ్ళు, ఆ తర్వాత ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడుగా. కాటన్ దొర ఆనకట్ట కట్టిన ఊరు అది, రాజమండ్రికి దగ్గరే. భార్యకి చదవడం, రాయడం ఆయనే ఇంట్లో నేర్పారు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక మొదట్లో మన మద్రాసులోనే అచ్చయ్యేది. గోదావరి ఒడ్డున రాసిన కాగితాలు ఇక్కడికి వచ్చి అచ్చై మళ్ళీ అక్కడికి వెళ్ళేవి. రైలు కూడా లేని రోజుల్లో! ఆ తర్వాత రాజమండ్రిలో సొంతంగా అచ్చుకూటం పెట్టుకున్నారు. పత్రికలో ఆయన లంచగొండి ఉద్యోగుల్ని, బాల్యవివాహాల్ని, కన్యాశుల్కాన్ని, వేశ్యల మేజువాణీల్ని ఎవర్నీ దేన్నీ వదల్లేదు. ఊళ్ళో పెద్దమనుషులు సగం మంది అప్పటికే ఆయనకి శత్రువులు.

సాహిత్యంలో కూడా ఒక శత్రువు దొరికారు. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారు ఆంధ్రభాషా సంజీవని పత్రిక నడిపేవారు, మన మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులు. ఆయన గ్రాంథికం, సనాతనం. ఈయన సంస్కరణ. ఇద్దరూ పత్రికల్లో ఒకర్నొకరు ఉతికి ఆరేసుకునేవారు. ఆయన హాస్యవర్ధని అంటే ఈయన హాస్యసంజీవని. చదువుతుంటే భలే సరదాగా ఉంటుంది గానీ అది ఇంకో వ్యాసం.

వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాడి తెప్పించారు. చట్టం వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా గోదావరి జిల్లాలో ఒక్క పెళ్ళి జరగలేదు. చట్టం పెళ్ళిని ఒప్పుకుంటుంది గానీ పెళ్ళి అయ్యాక పురోహితుణ్ణి, వంటమనిషిని, పేరంటాన్ని తెచ్చి ఇవ్వదు కదా. పంతులు గారు 1879లో రాజమండ్రిలో వితంతు వివాహం శాస్త్రసమ్మతమే అని బహిరంగంగా ఉపన్యసించారు. ఊరు రెండుగా చీలింది. పండితులు సభలు పెట్టి ఖండించారు. ఈయన శ్లోకాలు తీసి మళ్ళీ జవాబిచ్చారు. మాటలు ఎన్నాళ్ళైనా నడుస్తాయి. పెళ్ళి చేయాలంటే పెళ్ళికూతురు కావాలి, పెళ్ళికొడుకు కావాలి, డబ్బు కావాలి. డబ్బు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ఇచ్చారు. ధైర్యం ఎక్కువగా విద్యార్థులు ఇచ్చారు, మన వయసు వాళ్ళే.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులు గారి ఇంట్లో మొదటి పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. పెళ్ళికూతురు గౌరమ్మ, ఇంకా చిన్నపిల్ల. గొడవలు జరుగుతాయని పోలీసులు వచ్చారు, విద్యార్థులు కాపలా ఉన్నారు. అయినా దొంగచాటుగా చేయలేదు. మేళతాళాలు పెట్టి ఊరంతా చూసేలా చేశారు. కొద్ది రోజుల్లోనే రెండో పెళ్ళి కూడా అయింది.

పుస్తకాలన్నీ ఇక్కడ పెళ్ళి గురించి వివరంగా రాసి, ఆ తర్వాత జరిగింది గబగబా దాటేస్తాయి. నాకు ఆ తర్వాత సంగతే కావాలి.

పెళ్ళి అవ్వగానే వెలి వేశారు. పెళ్ళికి వచ్చినవాళ్ళని, అక్కడ భోజనం చేసినవాళ్ళని, అందర్నీ. శంకరాచార్యుల పీఠం నుంచి కూడా శ్రీముఖం వచ్చింది. వెలి అంటే ఏమిటో మనకి ఇప్పుడు సరిగ్గా తెలీదు. మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. మా పాట్టికి ఈ కథ చెప్తూ వెలి అన్న మాటకి తమిళంలో ఏమనాలా అని వెతుక్కుంటుంటే ఆవిడే ఊర్ విలక్కమా అని అందుకుంది. ఆవిడకి వివరించక్కర్లేకపోయింది. పురోహితుడు రాడు. తద్దినానికి భోక్తలు రారు. నీళ్ళు తెచ్చే మనిషి రాదు. వంటమనిషి మానేస్తుంది. చుట్టాల ఇంట్లో పెళ్ళికి పిలుపు ఉండదు, చావుకి కబురు ఉండదు. ఎదురింటి వాళ్ళు గడప తొక్కరు, మనల్ని తొక్కనివ్వరు.

ఇక్కడే నాకు తట్టిన సంగతి ఒకటుంది. వెలి ఇద్దరికీ ఒకటే పేరు గానీ ఇద్దరికీ ఒకేలా పడదు. పంతులు గారికి బడి ఉంది, పత్రిక ఉంది, అచ్చుకూటం ఉంది, విద్యార్థులున్నారు, ఇంగ్లీషు అధికారులున్నారు, బొంబాయి నుంచీ మద్రాసు నుంచీ ఉత్తరాలు వస్తాయి. ఊళ్ళో తిట్టినవాళ్ళు ఉంటే దేశంలో మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. రానడే ఆయన్ని దక్షిణాది విద్యాసాగరుడు అన్నారని పేరు. రాజ్యలక్ష్మమ్మ గారికి ఏముంది? ఆ కాలపు ఇల్లాలికి లోకమంటే చుట్టాలు, ఇరుగుపొరుగు, పేరంటాలు, నోములు, నదికి వెళ్తే దారిలో పలకరించే నలుగురు. వెలి వేసినప్పుడు పోయింది సరిగ్గా అదే. ఆయనకి ఒక వైపు తలుపు మూసుకుంటే ఇంకో వైపు తెరుచుకుంది. ఆవిడకి ఉన్న తలుపులన్నీ ఒకేసారి మూసుకున్నాయి. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు.

పనివాళ్ళు మానేశారు కాబట్టి ఆవిడే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. ఒక బిందె కాదు. కొత్తగా పెళ్ళైన జంటలకి వేరే చోటు లేదు, వాళ్ళని కన్నవాళ్ళే వదిలేశారు కాబట్టి వాళ్ళంతా ఇదే ఇంట్లో. సాయం చేసే విద్యార్థులు వచ్చి పోతుంటారు. వాళ్ళందరికీ తాగడానికి, వండడానికి, కడగడానికి నీళ్ళు. రేవు మెట్లు దిగాలి, నింపుకోవాలి, తడిబట్టతో మెట్లెక్కాలి, ఊళ్ళోంచి నడవాలి. అదే రేవులో నిన్నటిదాకా మాట్లాడిన ఆడవాళ్ళు ఈరోజు పక్కకి తప్పుకుంటారు. మోసే బరువు కంటే ఆ నడక కష్టం అనుకుంటాను. వంట కూడా ఆవిడే. కట్టెలపొయ్యి మీద, రోజుకి రెండు పూటలు, ఇంటినిండా జనానికి.

అప్పుడు ఆవిడ వైపు చుట్టాలు ఒక మాట చెప్పి చూశారు. నీ మొగుడు చేసేది చేసుకుంటాడు, నువ్వు మాతో వచ్చెయ్యి, నిన్ను మేం వెలి లేకుండా చూసుకుంటాం అని దాని సారాంశం. చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. పిల్ల కష్టపడుతోందని అని ఉంటారు. ఆవిడ వెళ్ళలేదు. వెళ్ళకపోవడం వల్ల పుట్టింటి వైపు కూడా దారి మూసుకుపోయింది.

దీన్ని మన పుస్తకాల్లో పతిభక్తి అని రాస్తారు. నాకు ఆ మాట సరిపోలేదు. పతిభక్తి అయితే ఇంట్లో ఉండి ఊరుకుంటే సరిపోతుంది. ఆవిడ ఆ పిల్లలకి తలంటి పోసింది, అన్నం పెట్టింది, జబ్బు చేస్తే చూసింది, పురుళ్ళు పోసింది. పెళ్ళికి పెద్దగా నిలబడింది. మొగుడి మాట కాదనలేక చేసే పని అన్నేళ్ళు అలా నడవదు. మొదటి రోజుల్లో ఆయన కోసమే చేసి ఉండొచ్చు. కొన్నాళ్ళకి అది ఆవిడ పని కూడా అయిపోయి ఉంటుంది. ఎందుకంటే ఆ చిన్నపిల్లల్లో ఎవర్ని చూసినా పదేళ్ళ బాపమ్మ గుర్తొచ్చి ఉండదా? ఇది నా ఊహే, ఒప్పుకుంటాను. ఆవిడ ఏమీ రాసి పెట్టలేదు. మనకి తెలిసిందంతా చాలా వరకు ఆయన స్వీయ చరిత్రలోంచే తెలిసింది.

పెళ్ళికి వచ్చి చప్పట్లు కొట్టిన పెద్దమనుషులు కొందరు వెలి దెబ్బకి బెదిరిపోయి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. శాస్త్రులు చెప్పిన తంతు జరిపించుకుని మళ్ళీ కులంలో కలిసిపోయారు. వాళ్ళని తప్పుపట్టడం సులువు. నేను పట్టను. ఇంట్లో పెళ్ళి కావలసిన కూతుళ్ళుంటే, వెలి వల్ల వాళ్ళకి సంబంధాలు రాకపోతే, మనమేం చేస్తామో ఎవరికి తెలుసు? పంతులు గారు, రాజ్యలక్ష్మమ్మ గారు మాత్రం ప్రాయశ్చిత్తం చేసుకోలేదు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ సంగతి ధైర్యం నిలబెట్టుకోవడానికి కొంచెం సాయం చేసి ఉండొచ్చు.

పాట్టికి ఈ కథ చెప్తున్నప్పుడు ఇంకో చిన్న సంగతి జరిగింది. పునర్వివాహం అనడానికి తమిళంలో మఱుమణం అంటారు. మన పల్లెల్లో మారుమనువు అంటారు. రెండూ అక్కచెల్లెళ్ళ లాంటి మాటలు. ఆవిడ వెంటనే అంది, ఆ మాట వ్యవసాయం చేసుకునే చాలా కులాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, మొగుడు పోతే వేరే మనువు చేసుకునేవాళ్ళు, ఇదంతా పెద్ద కులాల గొడవ అని. నిజమే. పంతులు గారు చేసిన పెళ్ళిళ్ళు ఎక్కువగా బ్రాహ్మణ వితంతువులవే. మారుమనువు ముందే ఉన్న కులాల ఆడవాళ్ళ కష్టాలు వేరు, వాటి జోలికి ఆయన పెద్దగా వెళ్ళలేదు. ఈ విమర్శ ఈ రోజుల్లో చాలామంది చేస్తారు, చేయాలి కూడా.

కానీ అదే పాట్టి, పోయిన ఏడాది మా పిన్ని కూతురి నిశ్చితార్థంలో హారతి పళ్ళెం తిరుగుతున్నప్పుడు ఎవరూ చెప్పకుండానే లేచి స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడింది. తాతయ్య పోయి ఆరేళ్ళు. జుట్టు ఉంది, రంగు చీర ఉంది, అన్నీ ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ రమ్మని కూడా పిలవలేదు, నాతో సహా. నేను పక్కనే ఉన్నాను, ఫోటోలు తీస్తున్నాను. కథంతా విన్నాక పాట్టి అడిగింది ఒకటే ప్రశ్న. అన్ని జంటలు ఆ ఇంట్లో ఉంటే వంట ఎవరు చేశారు అని. పెళ్ళిళ్ళ గురించి, శంకరాచార్యుల గురించి, చట్టం గురించి ఏమీ అడగలేదు. పుస్తకాలు ఒక పేరాలో దాటేసిన చోటుకే ఆవిడ నేరుగా వెళ్ళింది.

పెళ్ళిళ్ళు కొనసాగాయి. పంతులు గారి జీవితకాలంలో నలభై దాకా జరిగాయని లెక్క. సంఖ్య చిన్నదే. అన్నీ సుఖంగా కూడా నడవలేదు. కొందరు పెళ్ళికొడుకులు సంస్కారం కోసం కాక డబ్బు కోసం వచ్చారు. ఉద్యోగం ఇప్పించమని, ఖర్చులకి ఇమ్మని పీడించారు. ఎంత చేసినా చాల్లేదన్నారు. ఆ సతాయింపులన్నీ పంతులు గారికి ఉత్తరాల్లో వస్తే, ఆ జంటల గొడవలు ఆవిడకి వంటింట్లో వచ్చేవి. పెద్దింటి మర్యాదల్లో పెరిగి కాపురం ఎలా చేయాలో తెలియని పిల్లలు, అమ్మ దగ్గరికి వెళ్ళలేరు. అమ్మ స్థానంలో ఉన్నది ఈవిడే.

ఈ మధ్యలో ఆయన రాసింది తక్కువేం కాదు. ఆడవాళ్ళ కోసం సతీహితబోధిని అని పత్రిక నడిపారు, సత్యవతీ చరిత్రము రాశారు. రాజమండ్రిలో టౌన్ హాలు కట్టించారు. ప్రభుత్వం రావుబహదూర్ బిరుదిచ్చింది. ఒక చిన్న సంగతి నాకు నచ్చనిది చెప్తాను. ఆడవాళ్ళ కోసం ఆయన రాసిన కథల్లో మంచి ఇల్లాలు ఎలా ఉండాలో చాలా చెప్తారు. ఓపిగ్గా ఉండాలి, పొదుపుగా ఉండాలి, అత్తమామలకి ఎదురు చెప్పకూడదు అని. ఆయన ఇంట్లోనే ఉన్న ఇల్లాలు ఊరినీ పుట్టింటినీ ఎదిరించి నిలబడిన మనిషి. ఆవిడ లాంటి కథానాయిక ఆ కథల్లో నాకు కనబడలేదు.

1897లో ఇద్దరూ మద్రాసు వచ్చేశారు. ఇక్కడ కూడా వితంతువులకి శరణాలయం నడిపారు. 1899లో ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులయ్యారు. అవును, కొక్కొండ వారు పని చేసిన కాలేజీయే. ఒకప్పుడు పత్రికల్లో తిట్టుకున్న ఇద్దరూ చివరికి ఒకే కాలేజీ జీతం తీసుకున్నారు. బీచ్ రోడ్డు మీద బస్సులో వెళ్ళేటప్పుడు ఆ ఎర్ర భవనం మనలో చాలామంది రోజూ చూస్తూనే ఉంటాం. నేను ఇన్నాళ్ళూ అది తమిళ పండితుల కాలేజీ అనే వినేదాన్ని. మన పాఠ్యపుస్తకంలో ఉన్న ఇద్దరు తెలుగు పంతుళ్ళు ఆ మెట్లెక్కి పాఠం చెప్పడానికి వెళ్ళారన్నమాట. ఆ సమయంలో రాజ్యలక్ష్మమ్మ గారు ఇదే ఊళ్ళో భాష తెలియని చోట, గోదావరి లేని చోట, మళ్ళీ మొదటి నుంచి ఇల్లు నడిపింది. ఆ ఇంటి గురించి ఇంకా ఎవరైనా వివరంగా రాస్తే బాగుండు. మన శాఖలోనే ఎవరైనా పీజీలో ఆ పని పెట్టుకోవచ్చు.

తర్వాత రాజమండ్రి తిరిగి వెళ్ళిపోయారు. 1905లో అక్కడ వితంతు శరణాలయం పెట్టారు. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి, ఇన్నేళ్ళూ సంపాదించిన ఆస్తి మొత్తం, ఇల్లు, తోట, అచ్చుకూటం, పుస్తకాల మీద వచ్చే డబ్బు దానికే రాసిచ్చేశారు. పిల్లలు లేని దంపతులు ఆస్తి ధర్మానికి రాయడం మన దేశంలో కొత్త కాదు. గుడికో సత్రానికో రాస్తారు. వీళ్ళు ఊరు వెలేసిన ఆడపిల్లల కోసం రాశారు. ముసలితనంలో తమకంటూ ఏమీ ఉంచుకోకపోవడానికి భార్య ఒప్పుకోకపోతే ఆ కాగితం అంత సులువుగా అయ్యేది కాదు. ఏ ఇంట్లోనైనా అంతే కదా. ఆయన బ్రహ్మసమాజంలో పూర్తిగా చేరి జంధ్యం కూడా తీసేశారు. ఆవిడ ఆ అడుగులోనూ పక్కనే ఉంది.

1910 ఆగస్టులో ఒక రాత్రి రాజ్యలక్ష్మమ్మ గారు నిద్రలోనే పోయింది. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. నలభై తొమ్మిదేళ్ళ కాపురం. అప్పటికి ఆయన వయసు అరవై రెండు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికారు, రాస్తూనే ఉన్నారు. స్వీయ చరిత్ర ఆ రోజుల్లోనే వెలువడింది. అందులో ఆయన చుట్టాల్ని, శత్రువుల్ని, స్నేహితుల్ని ఎవర్నీ మొహమాటపడి వదల్లేదు. భార్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాత మారిపోతుంది. ఆవిడ లేకపోతే తన పని ఏదీ సాగి ఉండేది కాదని ఆయనే ఒప్పుకున్నారు. మన సాహిత్య చరిత్ర ఒక వాక్యంలో సరిపెట్టిన సంగతి ఆయన అంత తేలిగ్గా సరిపెట్టలేదు.

ఆయన చివరి రోజులు మళ్ళీ మన ఊళ్ళోనే. కవుల చరిత్ర సవరించి కొత్తగా అచ్చు వేయించే పని మీద మద్రాసు వచ్చి, కొమర్రాజు లక్ష్మణరావు గారి ఇల్లు వేదవిలాసంలో దిగారు. 1919 మే 27న అక్కడే పోయారు. ఇక్కడ మద్రాసులో పోయినప్పుడు ఆయన చుట్టూ ఉన్నవి అచ్చు కాగితాలు, స్నేహితులు. నీళ్ళు అందించిన చెయ్యి తొమ్మిదేళ్ళ క్రితమే పోయింది.

హైదరాబాద్ ట్యాంక్ బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉంది. రెండు చోట్లా ఆయన ఒక్కరే. రాజమండ్రిలో హితకారిణీ సమాజం వాళ్ళ విద్యాసంస్థల్లో మాత్రం ఒక మహిళా కళాశాల ఉంది. దాని పేరు శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి మహిళా కళాశాల. అక్కడి అమ్మాయిలు ఆ పేరుని పొట్టిగా ఎస్.కె.ఆర్. అంటారు.

బి.ఎ. రెండవ సంవత్సరం, తెలుగు శాఖ